కోలో-కోలో కథ – 4వ భాగం: సైనిక కుట్రను వాయిదా వేయించిన జట్టు?

చిలీలో యాభై ఏళ్లుగా ఒక మాట చలామణిలో ఉంది. 1973లో కోలో-కోలో జట్టు దక్షిణ అమెరికా క్లబ్‌ల లిబర్తదోరెస్ కప్ ఫైనల్ దాకా వెళ్లకపోయి ఉంటే, సైన్యం సాల్వడార్ అయెండే ప్రభుత్వాన్ని సెప్టెంబర్ దాకా ఆగకుండా ముందే కూల్చేసి ఉండేదని. అది టీకొట్టు కబురు స్థాయిలో ఆగిపోలేదు. క్రీడా పాత్రికేయుడు లూయిస్ ఉరూతియా ఓనెల్ ఆ జట్టు మీద రాసిన పుస్తకం పేరులోనే ఈ వాదన ఉంది. ఆనాటి ఆటగాళ్లలో కొందరు ఇంటర్వ్యూల్లో ఇదే చెప్పారు. దేశమంతా ఒకే జట్టు వెనక నిలబడితే ట్యాంకులు వీధుల్లోకి రావడానికి జంకాయని చెప్పుకోవడం ఎవరికైనా బాగుంటుంది. కానీ తేదీలు పక్కపక్కన పెట్టి చూస్తే ఈ వాదన నిలవదు. అయితే నిలవదని కొట్టిపారేసి ముందుకు పోవడమూ తప్పే. ఫుట్‌బాల్‌తో జనం కోపాన్ని చల్లార్చవచ్చనీ, జనం మెప్పును కొనుక్కోవచ్చనీ అందరికంటే గట్టిగా నమ్మినవాళ్లు అభిమానులు కారు, గద్దెనెక్కిన సైనికులు. ఆ నమ్మకమే తర్వాతి పదిహేనేళ్లు ఈ క్లబ్ తలరాతను నడిపింది. ఈ భాగంలో చెప్పదలచుకున్నది అదే.

ఇలాంటి పురాణం చిలీలోని మిగతా క్లబ్‌లను వదిలేసి కోలో-కోలో చుట్టూనే ఎందుకు అల్లుకుందో తెలియాలంటే పాత భాగాల్లోని సంగతులు రెండు మూడు గుర్తుచేసుకోవాలి. 1925 ఏప్రిల్ 19న ఈ క్లబ్‌ను పెట్టినవాళ్లు మగల్లానెస్ క్లబ్‌లోని పెద్దలతో పేచీ పడి బయటికొచ్చిన కుర్రాళ్లు. వాళ్ల నాయకుడు దవిద్ అరెయానో బడిపంతులు. అప్పటికి శాంటియాగోలో ఉనియోన్ ఎస్పన్యోలా స్పెయిన్ వాళ్లది, ఆడాక్స్ ఇటాలియానో ఇటలీ వాళ్లది. కొత్త క్లబ్ మాత్రం మపూచె తెగ పెద్ద పేరు పెట్టుకుంది, స్పెయిన్ కవి ఎర్సియా 16వ శతాబ్దపు కావ్యంలో వివేకిగా కనిపించే ఆ కోలోకోలో పేరు. పేరు పెట్టుకున్నవాళ్లు మపూచెలు కారు, నగరపు మిశ్రమ జాతి జనం. ఆ అరువు సంగతి వేరే చర్చ. కానీ ‘ఇది మన జట్టు’ అనుకునే వీలు వలస వచ్చిన వాళ్ల క్లబ్‌లు ఇవ్వని వాళ్లకు ఇది ఇచ్చింది. రెండేళ్లకే, 1927 మే 3న, యూరప్ పర్యటనలో వయాదొలీద్ నగరంలో ఆటలో తగిలిన దెబ్బ వల్ల పెరిటోనైటిస్ సోకి అరెయానో చనిపోయాడు. వయసు 24. జెర్సీ మీద గుర్తు పైన ఆనాడు కుట్టిన నల్లపట్టీని ఈనాటికీ తీయలేదు. చిలీ మొదటి డివిజన్ నుంచి ఒక్కసారీ కింద పడని క్లబ్ ఇదొక్కటే. ఇంత బరువున్న జట్టు కాబట్టే దేశం చీలిపోయిన ఏడాదిలో దాని మీద అంత ఆశ వేలాడింది.

దేశం నిజంగానే చీలిపోయింది. 1970 ఎన్నికలో అయెండే గెలిచింది 36 శాతం పైచిలుకు ఓట్లతో. 1971లో రాగి గనులను జాతీయం చేసే రాజ్యాంగ సవరణకు పార్లమెంటు ఏకగ్రీవంగా ఒప్పుకున్నా, ఆ ఏకాభిప్రాయం ఏడాది కూడా నిలవలేదు. 1972 అక్టోబర్‌లో లారీ యజమానుల సమ్మె దేశాన్ని స్తంభింపజేసింది. ధరలు మండిపోయాయి, సరుకుల కోసం క్యూలు, వాటి పక్కనే నల్లబజారు. అమెరికా ప్రభుత్వం అప్పులు దొరక్కుండా బిగించడం, సీఐఏ ప్రతిపక్ష పత్రికలకూ పార్టీలకూ డబ్బు చేరవేయడం తర్వాత అమెరికా సెనేట్ విచారణలోనే బయటపడ్డాయి. సరిగ్గా ఈ వాతావరణంలో లూయిస్ ఆలమోస్ శిక్షణలో 1972 జాతీయ ఛాంపియన్‌షిప్ గెలిచిన కోలో-కోలో, మరుసటి ఏడాది దక్షిణ అమెరికా క్లబ్‌ల పోటీకి దిగింది.

ఆ జట్టు ఎలా ఆడిందో చెప్పకుండా వాదనలోకి దిగితే దానికి అన్యాయం చేసినట్టే. కెప్టెన్ ఫ్రాన్సిస్కో వాల్దేస్‌ను అందరూ ‘చమాకో’ అనేవారు. పరుగు తక్కువ, చూపు ఎక్కువ. బంతి అతని కాలి దగ్గరికొస్తే ఆట వేగం అతను చెప్పినట్టు మారేది. ముందు వరసలో కార్లోస్ కాసెలీ, పొట్టి మనిషి, పెనాల్టీ ఏరియాలో ఇరుకు సందుల్లోంచి దూరిపోయేవాడు. వామపక్ష అభిమానినని దాచుకోకుండా చెప్పుకున్నవాడు కూడా. ఆ పోటీలో 9 గోల్స్‌తో అగ్రస్థానంలో నిలిచింది అతనే. సెమీఫైనల్ దశలో బ్రెజిల్ జట్టు బొటఫోగోను మరకానా మైదానంలోనే 2–1తో ఓడించడం అప్పటి చిలీ జట్లకు ఊహకందని సంగతి. అంతకుముందు చిలీ నుంచి ఏ క్లబ్బూ లిబర్తదోరెస్ ఫైనల్ చేరలేదు. అధ్యక్షుడు అయెండే ఆటగాళ్లను అధ్యక్ష భవనం లా మొనేదాకు పిలిపించుకుని అభినందించాడు. ఏ పార్టీ అధ్యక్షుడైనా అదే చేసి ఉండేవాడు.

ఫైనల్ మూడు ఆటలు నడిచింది. అర్జెంటీనా జట్టు ఇండిపెండియెంటేతో మే 22న అవెయనేదాలో మొదటిది 1–1. ప్రత్యర్థి సొంత గోల్‌తో ఆధిక్యం దొరికిన కాసేపటికే, గోల్‌కీపర్ అదోల్ఫో నెఫ్‌ను బంతితో సహా వలలోకి నెట్టేసి మెందోసా స్కోరు సమం చేశాడన్నది చిలీ వాళ్ల ఫిర్యాదు. మే 29న శాంటియాగో జాతీయ స్టేడియంలో రెండోది 0–0. అందులో కాసెలీ గోల్‌ను ఆఫ్‌సైడ్ అని రిఫరీ కొట్టేయడం మీద ఈనాటికీ తగవు తెగలేదు. జూన్ 6న మోంటేవిదేవోలో, తటస్థ మైదానంలో, అదనపు సమయంలో ఇండిపెండియెంటే 2–1తో గెలిచింది. కప్ చేతిదాకా వచ్చి జారిపోయింది. అన్యాయం జరిగిందన్న బాధ మిగిలిపోవడం కూడా ఈ పురాణం పుట్టుకకు ఒక కారణమని నా అనుమానం. గెలిచి ఉంటే కప్పే చాలు, కథ అవసరం పడేది కాదు. ఓడిన జట్టుకు కప్పు స్థానంలో మరొక ఘనత కావాల్సి వచ్చింది.

ఇక వాదనను దాని అత్యంత బలమైన రూపంలోనే తీసుకుందాం. ఫుట్‌బాల్ చూసి సైన్యాధికారులు మనసు మార్చుకున్నారని తెలిసినవాళ్లెవరూ అనరు. వాళ్లు చెప్పేది ఇది: ఆ నెలల్లో జనం దృష్టి ఆటల మీద ఉంది, ప్రభుత్వ అనుకూలురూ వ్యతిరేకులూ ఒకే గ్యాలరీలో పక్కపక్కన కూర్చున్నారు, ఆ వేడిలో తిరుగుబాటుకు దిగితే జనం మద్దతు దొరకదని కుట్రదారులు వెనకాడారు, జట్టు ఓడిపోయిన మూడు వారాలకే, జూన్ 29న, మొదటి ట్యాంకులు రోడ్డెక్కాయి. ఈ చివరి ముక్కే అందరినీ ఆకట్టుకుంటుంది. జూన్ 6, జూన్ 29 అని రెండు తేదీలు పక్కన పెడితే ఆనకట్ట తెగినట్టే కనిపిస్తుంది.

కనిపించేది నిజమేనా అన్నది తేల్చాలంటే మొదట ఆ నెలల్లో దేశం చల్లబడిందా అని అడగాలి. చల్లబడలేదు. మార్చి 4న పార్లమెంటు ఎన్నికలు జరిగాయి. అధ్యక్షుడిని రాజ్యాంగబద్ధంగా తొలగించాలంటే ప్రతిపక్షానికి సెనేట్‌లో మూడింట రెండొంతుల బలం కావాలి. ఓట్లలో దాదాపు 55 శాతం వచ్చాయి గానీ ఆ బలం రాలేదు. అయెండే కూటమికి దాదాపు 44 శాతం రావడంతో సీట్లు పెరిగాయి కూడా. చట్టం దారిలో అతన్ని దించలేమని తేలిన రోజు అది. కుట్ర లెక్కలను మార్చిన ఘటన ఆ నెలల్లో ఏదైనా ఉందంటే ఈ ఎన్నికే. తర్వాత ప్రభుత్వం తేబోయిన ఏకీకృత పాఠశాల పథకం మీద చర్చి, సైన్యాధికారులు బాహాటంగా అభ్యంతరం చెప్పారు. ఏప్రిల్ 19న ఎల్ తెనియెంతె రాగి గనిలో సమ్మె మొదలైంది. అదే తేదీ కోలో-కోలో పుట్టినరోజు కావడం యాదృచ్ఛికం. ఆ సమ్మె జూలై మొదటిదాకా సాగింది. ఫైనల్ మూడు ఆటలూ ఆ సమ్మె నడుస్తుండగానే జరిగాయి. స్టేడియంలో తొంభై నిమిషాలు పక్కపక్కన కూర్చున్న మనుషులు బయటికొచ్చాక ఎవరి ఊరేగింపులోకి వాళ్లు వెళ్లారు. ఫుట్‌బాల్ సంధి కుదిర్చిందనడానికి ఈ నెలల పత్రికల్లో ఆధారం దొరకదు.

రెండో ప్రశ్న జూన్ 29 గురించి. ఆ రోజు ఉదయం రెండో ట్యాంకుల రెజిమెంట్ లెఫ్టినెంట్ కర్నల్ రొబేర్తో సూపెర్ నాయకత్వంలో లా మొనేదాను చుట్టుముట్టింది. ఆ రోజునే ఎందుకు? కారణం ఫుట్‌బాల్ క్యాలెండర్‌లో లేదు. రెజిమెంట్‌లో నడుస్తున్న కుట్ర బయటపడింది, సూపెర్‌ను పదవి నుంచి తప్పించబోతున్నారు, చేజారకముందే కదలాలని అతను తొందరపడ్డాడు. ఆ తిరుగుబాటును అణచింది ఎవరు? సైన్యాధిపతి జనరల్ కార్లోస్ ప్రాట్స్. ట్యాంకుల దగ్గరికి తానే నడుచుకుంటూ వెళ్లి సైనికులను లొంగిపొమ్మన్నాడు. సైన్యం ఎన్నికైన ప్రభుత్వానికి లోబడాలన్న సూత్రం పట్టుకున్న అధికారులు పైస్థాయిలో ఉన్నంతకాలం కుట్ర ముందుకు సాగలేదు. ఆగస్టు 22న దిగువ సభ ప్రభుత్వం రాజ్యాంగాన్ని ఉల్లంఘిస్తోందని 81–47 ఓట్లతో తీర్మానించింది. అంతకుముందు రోజు సైన్యాధికారుల భార్యలు ప్రాట్స్ ఇంటి ముందు చేరి నిరసన తెలిపారు. ఆగస్టు 23న ప్రాట్స్ రాజీనామా చేశాడు. అతని స్థానంలోకి వచ్చినవాడు అగస్టో పినోచెట్. పందొమ్మిది రోజుల తర్వాత, సెప్టెంబర్ 11న, సైన్యం తిరుగుబాటు చేసింది, లా మొనేదా మీద బాంబులు పడ్డాయి. ఫైనల్ ఓడిన రోజుకూ సెప్టెంబర్ 11కూ మధ్య 97 రోజులు. కుట్రను ఆపింది ఆట అయితే, ఆట అయిపోయాక ఈ మూడు నెలలు ఆపిందెవరు? ఆ జవాబులో ప్రాట్స్ పేరు ఉంటుంది, వాల్దేస్ పేరు ఉండదు. పొగడ్త మనిషి మారి వేరొకరికి చేరిందన్నదే ఈ పురాణం మీద నాకున్న ముఖ్యమైన ఫిర్యాదు. ప్రాట్స్‌ను, ఆయన భార్యను 1974 సెప్టెంబర్‌లో బ్యూనస్ ఐరిస్‌లో కారు బాంబు పెట్టి చంపారు. ఆ హత్య చిలీ రహస్య పోలీసుల పని అని తర్వాత కోర్టుల్లో తేలింది.

దీనికి రెండు అభ్యంతరాలు వస్తాయి. జరగనిదాన్ని గురించి ఎవరూ రుజువు చేయలేరు, కోలో-కోలో మొదటి దశలోనే ఓడి ఉంటే మేలో తిరుగుబాటు జరిగేదేమో, జరగదని మీకెలా తెలుసు అని ఒకటి. తెలియదు. కానీ ఒక సంఘటన మరొకదాన్ని ఆపిందని చెప్పేవాళ్ల మీదే రుజువు భారం ఉంటుంది. మేలో తిరుగుబాటు పథకం సిద్ధమై, ఆట కారణంగా వెనక్కి వెళ్లిందని చూపే పత్రం ఒక్కటైనా కావాలి. తర్వాత గొప్పగా నోరు విప్పిన కుట్రదారులు చెప్పుకున్న కారణాల్లో ఫుట్‌బాల్ లేదు. రెండో అభ్యంతరం ఇంకా బరువైనది. అక్కడ బతికినవాళ్లు చెప్పే మాటను దూరాన కూర్చుని తేదీలతో కొట్టేయడం న్యాయమా అని. ఆ జ్ఞాపకం అబద్ధమని నేననను. ఆ ఆటల రాత్రుల్లో శాంటియాగో వీధుల్లో వేరే పార్టీ పక్కింటివాణ్ని కౌగిలించుకున్నామని చెప్పేవాళ్లు తాము అనుభవించినదే చెబుతున్నారు. ఆ తర్వాత పదిహేడేళ్లు అలాంటి రాత్రి రాలేదు కాబట్టి, వెనక్కి చూస్తే ఆ రాత్రులే చివరి హద్దులా కనిపించడం సహజం. అనుభవానికి అది సాక్ష్యం, కారణానికి కాదు.

ఇక ఆ కథను నిజంగా నమ్మిన మరో వర్గం, గద్దెనెక్కిన సైనికుల దగ్గరికి వద్దాం. తిరుగుబాటు మరునాటి నుంచే జాతీయ స్టేడియం జైలైంది. కోలో-కోలో ఫైనల్ ఆడిన అదే మైదానం గ్యాలరీల కింద, దుస్తులు మార్చుకునే గదుల్లో, పక్కనున్న సైకిల్ పందేల ప్రాంగణంలో ఖైదీలను కుక్కారు. సెప్టెంబర్ చివర్లో రెడ్‌క్రాస్ వాళ్లు వెళ్లినప్పుడు అక్కడ దాదాపు 7,000 మంది ఉన్నారు. హింసించారు, కొందరిని చంపారు. అక్టోబర్‌లో ఫీఫా ప్రతినిధులు తనిఖీకొచ్చారు. ఖైదీలను కనబడకుండా కిందికి తోసేశారు, గడ్డి బాగుందని వాళ్లు తృప్తిపడి వెళ్లారు. ప్రపంచ కప్ అర్హత పోటీలో సోవియట్ యూనియన్‌తో రెండో ఆట అక్కడే జరగాలి. ఆ మైదానంలో ఆడబోమని సోవియట్ జట్టు మొండికేసింది. 1973 నవంబర్ 21న చిలీ జట్టు ఎదురుగా ఎవరూ లేని మైదానంలో బంతిని పాస్ చేసుకుంటూ వెళ్లి ఖాళీ వలలో గోల్ వేసింది. వేసింది చమాకో వాల్దేస్, జూన్ దాకా దేశాన్ని కలిపాడని పొగిడించుకున్న అదే కెప్టెన్. ఇంత వింత తతంగం ఎందుకు? కొత్త పాలకులకు ఆట జరగడం ముఖ్యం, ఎవరితో అన్నది కాదు. అంతా మామూలుగానే ఉందని చూపడానికి వాళ్లకు దొరికిన మార్గం ఫుట్‌బాల్. వచ్చినవాళ్లకు కాలక్షేపంగా అదే రోజు బ్రెజిల్ క్లబ్ శాంటోస్‌తో స్నేహపూర్వక ఆట పెట్టారు. చిలీ 0–5తో ఓడింది.

కాసెలీ విషయంలో ఈ నమ్మకం మరో ముఖం చూపింది. 1974 ప్రపంచ కప్‌కు బయల్దేరే జట్టుకు సైనిక పాలకుడు పినోచెట్ వీడ్కోలు చెప్పడానికొచ్చినప్పుడు తాను చేతులు వెనక్కి పెట్టుకుని కరచాలనం చేయలేదని అతను తర్వాత చాలాసార్లు చెప్పాడు. ఆ కప్‌లో పశ్చిమ జర్మనీతో ఆటలో అతనికి రెడ్ కార్డ్ చూపారు, ప్రపంచ కప్ చరిత్రలోనే మొదటిది. ఇంటి దగ్గర అతని తల్లి ఓల్గా గర్రీదోను సైనికులు పట్టుకెళ్లి చిత్రహింసలు పెట్టారు.

క్లబ్‌ను వదిలిపెడతారా? 1976లో సైనిక ప్రభుత్వం కోలో-కోలో పాలకవర్గాన్ని తప్పించి, తమకు దగ్గరైన బీహెచ్‌సీ అనే బ్యాంకింగ్ గ్రూపు మనుషుల చేతికి అప్పగించింది. ప్రజల జట్టుకు డబ్బున్నవాళ్ల అండ దొరికింది కదా అని కొందరు సంతోషించారు. ఆ గ్రూపు 1982–83 ఆర్థిక సంక్షోభంలో కుప్పకూలింది. పినోచెట్‌కు క్లబ్ గౌరవాధ్యక్ష పదవి కూడా దక్కింది. అన్నిటికంటే పెద్ద తగవు స్టేడియం గురించి. పెద్రేరోస్ ప్రాంతంలో 1956లోనే స్థలం కొన్నారు, 1975లో ప్రారంభోత్సవం చేశారు, కొన్ని ఆటల తర్వాత సదుపాయాలు చాలక మూతపెట్టారు. సొంత మైదానం లేని పెద్ద క్లబ్ అన్న అవమానం అభిమానుల్లో ముల్లులా ఉండేది. తన పాలన ఇంకో ఎనిమిదేళ్లు కొనసాగాలా అన్న ప్రజాభిప్రాయ సేకరణ 1988 అక్టోబర్ 5న జరగబోతుండగా, పినోచెట్ ఈ స్టేడియం పూర్తికి 30 కోట్ల పెసోలు ఇస్తానని ప్రకటించాడు. ఆ డబ్బు ఎన్నడూ అందలేదనీ, ఆటగాడు ఉగో రూబియోను ఇటలీ క్లబ్ బొలోన్యాకు అమ్మగా వచ్చిన సొమ్ముతో స్టేడియం పూర్తిచేశామనీ నాటి క్లబ్ పెద్దలు చెబుతారు. ప్రత్యర్థి జట్ల అభిమానులు మాత్రం ఆ స్టేడియాన్ని ఈనాటికీ పినోచెట్ పేరుతోనే ఎగతాళి చేస్తారు. డబ్బు వచ్చిందా రాలేదా అన్న తగవులో అసలు విషయం మరుగున పడుతోంది. ఓటు ముందు ఆ ప్రకటన చేయడమే, కోలో-కోలో అభిమానులను ఒక గుంపుగా కొనవచ్చని అతను లెక్కేసుకున్నాడనడానికి సాక్ష్యం.

లెక్క తప్పింది. పినోచెట్‌కు ‘వద్దు’ అన్న ఓట్లు దాదాపు 56 శాతం. ఆ ప్రచారంలో రెండు పక్షాలకూ టీవీలో రోజూ పదిహేను నిమిషాల చొప్పున ఇచ్చారు. ‘వద్దు’ పక్షం ప్రసారం చేసిన భాగాల్లో ఒకదాంట్లో ఒక పెద్దావిడ తనను పట్టుకెళ్లిన సంగతి నెమ్మదిగా చెబుతుంది. ఆమె ఓల్గా గర్రీదో. చివర్లో తెర మీదికి కాసెలీ వచ్చి, ఆమె తన తల్లి అని చెబుతాడు. ఇదిగో ఆటగాడే చరిత్రను మార్చాడు కదా, మీ వాదనే వీగిపోయింది కదా అని ఎవరైనా అనవచ్చు. ఒక ఓటరు చేయి ఆ రోజు ఎందుకు ఎటు కదిలిందో ఎవరూ విడదీసి చెప్పలేరు. ఒక తేడా మాత్రం గమనించాలి. 1973 కథలో జనాన్ని ఆట మైమరపించిందని అంటారు. ఇక్కడ తెర మీద ఆట లేదు. దేశమంతా గుర్తుపట్టే ఒక ముఖం, పదిహేనేళ్లుగా బయటికి చెప్పనివ్వని ఒక మాటకు పూచీగా నిలిచింది. ఆ ముఖానికి పేరు తెచ్చింది కోలో-కోలోయే, అందుకు క్లబ్‌కు వాటా ఇవ్వాల్సిందే. సైనికులు మైదానానికి ఆపాదించిన మత్తుమందు గుణానికి ఇది సరిగ్గా ఎదురు.

స్టేడియం 1989 సెప్టెంబర్ 30న ఉరుగ్వే జట్టు పెన్యారోల్‌తో స్నేహపూర్వక ఆటతో మళ్లీ తెరుచుకుంది. దాని పేరు దవిద్ అరెయానో మాన్యుమెంటల్. ఆరు నెలలు తిరక్కముందే, 1990 మార్చి 11న, ఎన్నికైన అధ్యక్షుడు పత్రిసియో ఐల్విన్ పదవిలోకి వచ్చాడు. గౌరవాధ్యక్ష పదవి మాత్రం రికార్డుల్లో ఇంకో పాతికేళ్లు అలాగే ఉండిపోయింది. 2015లో క్లబ్ సభ్యుల సమావేశం ఓటు వేసి పినోచెట్ నుంచి దాన్ని వెనక్కి తీసుకుంది. అప్పటికి ఆ సభ్యుల చేతిలో వృత్తి ఫుట్‌బాల్ జట్టు లేదు. 2002లో క్లబ్ దివాలా తీసింది, 2005లో జట్టు నిర్వహణ 30 ఏళ్ల ఒప్పందం మీద బ్లాంకో ఇ నేగ్రో అనే షేర్ల కంపెనీకి పోయింది. 1991లో మిర్కో యోజిచ్ శిక్షణలో గెలిచిన లిబర్తదోరెస్ కప్, ఆ గెలుపు నుంచి దివాలా దాకా పదకొండేళ్లలో డబ్బు ఎటు పోయిందన్నది వచ్చే భాగంలో.